ఎంతమందికి వండమంటారు?

భోజనాల వృథా గురించి ఎవరు మాట్లాడినా "మిగిలింది ఎవరికి పంచుదాం?" అన్న దగ్గర మొదలుపెడతారు. పెళ్ళి వంటల పనిలో ఉన్నదాన్ని కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. పెళ్ళిలో ఎంత అన్నం పారబోస్తామన్నది ఆ రాత్రి పదకొండింటికి తేలే విషయం కాదు. అడ్వాన్సు చేతిలో పెట్టి "ఇంతమందికి వండండి" అని చెప్పిన రోజే చాలావరకు తేలిపోతుంది.

మాది గోదావరి జిల్లాల్లో ఒక చిన్న టౌను. వంట మావారిదీ, మాస్టర్లదీ. మెనూ మాట్లాడడం, సరుకుల లిస్టు, డబ్బు లెక్కలు నావి. మా మావగారు గాడిపొయ్యి తవ్వించి పెళ్ళి వంటలు చేసిన రోజుల నుంచీ మా ఇంట్లో ఇదే పని.

అసలు ఆ అంకె ఎలా పుడుతుందో చూడండి. పెళ్ళికూతురి నాన్నగారు వచ్చి కూర్చుంటారు. "కార్డులు 500 కొట్టించామమ్మా. ఇంటికి ఇద్దరు వేసుకున్నా వెయ్యి. మగపెళ్ళివారు 300 అన్నారు. ఎందుకైనా మంచిది, 1,400 రాసుకోండి." ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు, పిలిచింది నిజంగానే అంతమందిని. కానీ పిలిచినవాళ్ళు వేరు, వచ్చేవాళ్ళు వేరు, వచ్చి తినేవాళ్ళు వేరు.

మూఢం వెళ్ళాక వచ్చే మొదటి మంచి ముహూర్తాన్ని తీసుకోండి. ఆ రోజుకి ఒక్కో ఇంట్లో మూడు నాలుగు శుభలేఖలు ఉంటాయి. భర్త ఒక పెళ్ళికి, భార్య ఇంకో పెళ్ళికి వెళ్తారు. రెండు చోట్ల అక్షింతలు వేసి, మూడో చోట భోంచేస్తారు. అందుకే నేను ముందు పంచాంగం చూస్తాను, తర్వాత ఆ రోజు ఊళ్ళో ఎన్ని కళ్యాణమండపాలు బుక్ అయ్యాయో ఫోన్ చేసి కనుక్కుంటాను. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే జనం ఎనిమిదింటికే వచ్చి, భోంచేసి, పెళ్ళికొడుకుని చూసి వెళ్ళిపోతారు. తెల్లారి టిఫిన్‌కి దగ్గరివాళ్ళే మిగులుతారు. కార్తీక మాసంలో రిసెప్షన్ పెడితే చాలామంది నీచు ముట్టరు. అయ్యప్ప మాలలో ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. శనివారం అయితే ఆ లెక్క ఇంకా తగ్గుతుంది. శ్రావణంలో సాయంత్రం వాన పట్టిందంటే పక్క ఊళ్ళ నుంచి రావలసిన వాళ్ళలో బోలెడుమంది ఆగిపోతారు. ఇవన్నీ మా ప్రాంతంలో అందరికీ తెలిసినవే. అయినా 1,400 అనే అంకె చెప్పేటప్పుడు ఇవేవీ లెక్కలోకి రావు.

ఎందుకు రావంటే, భయం. "భోజనాలు చాల్లేదట" అన్న మాట ఊళ్ళో పడితే ఏళ్ళ తరబడి పోదు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కూతురి పెళ్ళికి వచ్చినవాళ్ళు ఆకు ముందు ఎదురుచూస్తూ కూర్చోకూడదు అనుకోవడం మంచి మనసే. చిక్కు ఎక్కడంటే ఆ భయం ఒక్కరి దగ్గర ఆగదు. ఆయన ఓ వంద కలుపుతారు. క్యాటరర్ తన పేరు పోకూడదని ఓ ఐదు శాతం కలుపుతాడు. బియ్యం కొలిచేటప్పుడు మాస్టరు "ఉండనీయండమ్మా" అంటూ ఇంకో నాలుగు గిన్నెలు పోస్తాడు. ఎవరు ఎంత కలిపారో పక్కవాళ్ళకి తెలీదు. అలా మూడు చోట్ల కలిపింది మొత్తం రాత్రికి గుండిగల్లో కనబడుతుంది.

మేము పెట్టుకున్న పద్ధతి ఏంటంటే, అదనంగా కలిపేది ఒక్కరే కలపాలి, అది కాగితం మీద కనబడాలి. పెళ్ళివారిని నేను పిలిచినవాళ్ళ లెక్క అడగను. "మీ ఇంట్లో ఇంతకు ముందు జరిగిన పెళ్ళిలో ఎన్ని ఆకులు లేచాయండీ?" అని అడుగుతాను. అది గుర్తుండే ఇళ్ళు చాలానే ఉన్నాయి. గుర్తులేకపోతే పేర్ల లిస్టు తెమ్మని, దగ్గరి బంధువులు, ఊరివాళ్ళు, ఆఫీసువాళ్ళు, దూరపు ఊళ్ళవాళ్ళు అని నాలుగు భాగాలు చేయిస్తాను. దగ్గరి బంధువులు దాదాపు అందరూ వస్తారు. ఆఫీసువాళ్ళు ఒక కారులో నలుగురు వచ్చి గిఫ్టు ఇచ్చి వెళ్తారు, ఇంట్లోవాళ్ళు రారు. ఇలా విడదీసి చూపిస్తే 1,400 అన్న పెద్దమనిషే "వెయ్యి దాటదేమోనమ్మా" అంటారు. నేను తగ్గించమంటే తగ్గించరు. తమ లిస్టు తామే చూసుకుంటే తగ్గిస్తారు.

ఇక మెనూ. మా మావగారి లెక్కలో నూరుమందికి 12 కిలోల బియ్యం. అప్పట్లో ఆకులో అన్నం, ముద్దపప్పు, పనసపొట్టు కూర, ఇంకో వేపుడు, గోంగూర పచ్చడి, పులుసు, పెరుగు, బూరెలు, పులిహోర, అంతే. ఇప్పుడు మెనూ కార్డులో పాతిక ముప్ఫై రకాలు. వెజిటబుల్ బిర్యానీ, రుమాలీ రోటీ, పనీరు కూర, నూడిల్స్, మూడు రకాల స్వీట్లు, చాట్, ఐస్‌క్రీం. మనిషి కడుపు మాత్రం అంతే ఉంది. ఐటమ్‌లు రెట్టింపయితే ఒక్కోదాన్ని సగం తింటాడు. ఆ సంగతి వంటవాళ్ళకి తెలుసు, అందుకే ఒక్కో ఐటమ్‌ని కొంచెం తగ్గించే వండుతారు. కానీ ఎవరు దేనికి ఎగబడతారో ముందు తెలీదు కాబట్టి సగానికి తగ్గించే ధైర్యం ఎవరికీ ఉండదు. వృథా అంతా ఆ మధ్యలో పుడుతుంది. పెళ్ళివారు 30 ఐటమ్‌లు అడిగితే నేను కాదనను. కాకపోతే ఏవి తింటున్నారో, ఏవి గిన్నెల్లో ఉండిపోతున్నాయో నా నోటుబుక్కు తీసి చూపిస్తాను. ఉండిపోయేవాటిలో ముందుండేది నూడిల్స్. ఆ తర్వాత రెండో రకం ఫ్లేవర్డ్ రైస్, మూడో స్వీటు. పులిహోర ఉన్నచోట ఇంకో రంగు అన్నం ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా వైపు పెళ్ళిలో పనసపొట్టు కూర ఎప్పుడూ మిగలదు.

అంకె తేలినా అంతా ఒకేసారి వండకూడదు. ఇది మా పెద్ద మాస్టరు దగ్గర నేర్చుకున్న విద్య, దీన్ని నేను బాగా గౌరవిస్తాను. అన్నం ఒక వాయి దిగడానికి ముప్పావు గంట చాలు. మరి పొద్దున్నే మొత్తం వార్చి పెట్టడం ఎందుకు? మొదటి రెండు బంతులకు సరిపడా వండుతాం. మొదటి బంతి లేచేసరికి గేటు దగ్గర కుర్రాడు ఎంతమంది లోపలికి వచ్చారో, ఇంకా ఎంతమంది భోజనానికి లేవలేదో చెప్తాడు. అప్పుడు మాస్టరు తర్వాతి వాయికి బియ్యం కడుగుతాడు. చివరి వాయి బియ్యం మూట విప్పకుండానే వెనక్కి వచ్చిన పెళ్ళిళ్ళు మాకు ఉన్నాయి. మూటలో ఉన్న బియ్యం మర్నాటికీ బియ్యమే.

సాంబారుకీ అంతే. ఉడికిన పప్పు వేరుగా, చింతపండు రసంలో ఉడికిన ముక్కలు వేరుగా ఉంచి, కావలసినప్పుడల్లా కలిపి మరిగించి పోపు పెడతారు. బూరెలకు పూర్ణం ఉండలు చేసి పెట్టుకుని, తోపుపిండి పక్కన ఉంచి, బంతి బంతికీ వేడిగా వేస్తారు. వేడి బూరె తిన్నవాడికి తృప్తీ ఎక్కువే. మిగిలిన పూర్ణం ఆ రాత్రే ఫ్రిజ్‌లోకి పోతుంది. కూరగాయలు మొత్తం ఒకేసారి తరగనివ్వం. తరగని వంకాయ మర్నాడు పనికొస్తుంది, నూనెలో వేగిన వంకాయ పనికిరాదు. కొబ్బరి పచ్చడి, పెరుగు పచ్చడి లాంటివి అసలు ఆగవు, వాటిని చిన్న గిన్నెల్లో కొద్దికొద్దిగా అప్పటికప్పుడు కలుపుతారు. ఇలా చేస్తే గ్యాసు కూడా కలిసొస్తుందని మావారు అంటారు. వండినదాన్ని మళ్ళీ మళ్ళీ వెచ్చబెట్టే పని ఉండదు కాబట్టి నిజమే.

బంతి భోజనంలో ఆకులో మిగిలేదానికి సగం కారణం వడ్డన. వడ్డించే కుర్రాళ్ళలో చాలామంది రోజు కూలీకి వచ్చే కాలేజీ పిల్లలు. లైను తొందరగా పూర్తి చేయాలి, కాబట్టి అడగకుండా రెండు బూరెలు, పెద్ద గరిటెడు పప్పు వేసేసి ముందుకు పోతారు. షుగరున్న పెద్దాయన ఆకులో ఆ రెండూ అలాగే ఉండిపోతాయి. మేము వాళ్ళకి చెప్పేది రెండే. వేసే ముందు అడగండి, మొదటిసారి సగం గరిటె వేసి మారు వడ్డనకి తప్పకుండా రండి. రెండోసారి వస్తారన్న నమ్మకం ఉంటే ఎవరూ మొదటిసారే ఆకు నింపించుకోరు.

బఫేలో ఈ నమ్మకమే ఉండదు. అరగంట క్యూలో నిలబడినవాడు మళ్ళీ ఆ క్యూలోకి రాలేనని ప్లేటు నింపేసుకుంటాడు. తప్పు అతనిది అనలేం. అవే ఐటమ్‌లతో రెండు వైపులా కౌంటర్లు పెడితే క్యూ సగమవుతుంది, ప్లేట్లలో గుట్టలు కూడా తగ్గుతాయి. ప్లేటు సైజు కూడా ముఖ్యమే. నార్వేలో హోటళ్ళ బఫేల మీద చేసిన ఒక అధ్యయనం 2013లో అచ్చయింది, మా తమ్ముడు చదివి చెప్పాడు. ప్లేటు సైజు తగ్గించినచోట వృథా దాదాపు 20 శాతం తగ్గిందట. "మళ్ళీ మళ్ళీ రండి, ఎన్నిసార్లయినా వడ్డించుకోండి" అని చిన్న బోర్డు పెట్టినా దాదాపు అంతే తగ్గిందట. మన పెళ్ళిళ్ళలో పెద్దావిడ వరసల మధ్య తిరుగుతూ "మొహమాటపడకండి, మళ్ళీ వేయించుకోండి" అనేది కూడా అదే కదా.

వీటన్నిటి తర్వాత కూడా కొంత మిగులుతుంది. దాన్ని పంచాలి, అందులో సందేహం లేదు. 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్ హుడ్ ఆర్మీ లాంటి బృందాలు హైదరాబాదులో, మరెన్నో నగరాల్లో ఈ పని చేస్తున్నాయి. మా టౌనులోనూ కొందరు కుర్రాళ్ళు వ్యాను వేసుకుని వస్తారు. మిగులు ఆహారం సేకరించి పంచడానికి 2019లో ఆహార భద్రత నియమాలు కూడా వచ్చాయి. కానీ వాళ్ళకి ఫోన్ ఎప్పుడు చేస్తున్నామన్నది ముఖ్యం. అందరూ వెళ్ళిపోయాక, రాత్రి పదకొండున్నరకి, "రండి బాబూ, ఇంత అన్నం ఉంది" అంటే ఆ అన్నం అప్పటికే గంటల తరబడి గోరువెచ్చగా ఉండి ఉంటుంది. వండిన పదార్థాన్ని 60 డిగ్రీల పైన వేడిగా ఉంచాలి, లేదా తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నానికి ఇంకో ప్రమాదం ఉంది. బాసిల్లస్ సీరస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. గోరువెచ్చటి అన్నంలో అవి మళ్ళీ పెరిగి విషం తయారుచేస్తాయి, వాంతులు తెప్పించే ఆ విషం తర్వాత ఎంత వేడిచేసినా పోదు. ఆకలితో ఉన్నవాళ్ళకి మనం తినడానికి జంకే అన్నం పెట్టడం దానం కాదు. అందుకని మూడో బంతి సగంలో ఉండగానే, మిగులుతుందనిపిస్తే, చెయ్యి పెట్టని గిన్నెలు మూతలతో పక్కన పెట్టించి తొమ్మిదిన్నరకే ఫోన్ చేస్తాం. పిల్లలు పడుకోకముందే హాస్టలుకి అందుతుంది.

తొక్కలు, కాడలు మా వెనక వీధిలో గేదెలున్నవాళ్ళు తీసుకెళ్తారు, ఉప్పూ నూనే తగలకముందువి మాత్రమే. ఎంగిలాకులు కంపోస్టుకి పనికొస్తాయి గానీ వాటిలో ప్లాస్టిక్ స్పూన్లు, బాటిల్ మూతలు కలిస్తే అంతా పాడు, ఆవులు తింటే ఇంకా ఘోరం. బీరకాయ తొక్కు మాత్రం ఎవరికీ ఇవ్వను. తెల్లారి టిఫిన్‌లో ఇడ్లీకి బీరపొట్టు పచ్చడి చేయిస్తాను, దాన్ని మారు అడిగి వేయించుకుంటారు. వేయించిన నూనెకి కూడా హద్దు ఉంది. 2018 జులై నుంచి నూనెలో పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె కాగే కొద్దీ పెరిగే చెడు పదార్థాలు, 25 శాతం దాటితే వంటకి వాడకూడదు. అలాంటి నూనెని బయోడీజిల్‌కి పంపే పథకం కూడా అదే ఏడాది వచ్చింది. రోడ్డు పక్క బండివాళ్ళకి చౌకగా అమ్మేసే అలవాటు మా వృత్తిలో ఇంకా పోలేదు. అది పోవాలి.

హైదరాబాదులో బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ గురించి వినే ఉంటారు. అమ్ముడుపోని, పాడైన కూరగాయలు రోజుకి 10 టన్నుల దాకా పోగైతే, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల టెక్నాలజీతో పెట్టిన ప్లాంటులో దాదాపు 500 యూనిట్ల కరెంటు, మార్కెట్ క్యాంటీన్ వంటకి 30 కిలోల గ్యాసు తీస్తున్నారని 2021లో ప్రధాని కూడా రేడియోలో చెప్పారు. గొప్ప పని. మార్కెట్లో పాడవకుండా ఎవరూ ఆపలేని సరుకుకి అది సరైన దారి. అయితే పెళ్ళి గుండిగలో ఉన్న పప్పుని ఆపగలం కదా, గ్యాసు తీయడానికని కందిపప్పు వండక్కర్లేదు.

పెళ్ళిళ్ళనే ఎందుకు అంటున్నారు అని ఎవరైనా అడిగితే, నిజమే, ఇళ్ళు ఇంకా ముందున్నాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో 60 శాతం ఇళ్ళల్లోనే. మన దేశంలో ఇళ్ళల్లో మనిషికి ఏడాదికి 55 కిలోలని ఆ నివేదిక అంచనా. మిగిలిన అన్నాన్ని పులియబెట్టుకునే తరవాణి కుండ ఉన్న ఇంట్లో రాత్రి అన్నం పారబోయడం అనే మాటే ఉండేది కాదని మా అత్తగారు చెప్తారు.

నాకు మాత్రం అన్నం దగ్గరే ఎక్కువ బాధేస్తుంది. మా పుట్టింటివాళ్ళు కౌలు రైతులు. గుండిగలో 30 కిలోల అన్నం మిగిలిందంటే అది 11, 12 కిలోల బియ్యం. కిలో పండడానికి 2,500 లీటర్ల నీళ్ళు అని తక్కువగా వేసుకున్నా దాదాపు 30 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయ్యాక వచ్చిన కాలవల వల్ల మా వైపు నీటికి కరువు లేదనుకుంటాం. అయినా శివారు భూములకి దాళ్వాలో, అంటే రెండో పంటకి, నీరందక వంతులు వేసుకున్న రోజులు మా నాన్నకి తెలుసు. నీళ్ళు నిలవగట్టిన వరిచేలోంచి మీథేన్ కూడా వస్తుంది. ఆరుతడి పద్ధతిలో, అంటే చేనుని మధ్య మధ్యలో ఆరనిచ్చి మళ్ళీ తడి పెడితే నీరు 30 శాతం దాకా ఆదా అవుతుంది, మీథేన్ సుమారు సగానికి తగ్గుతుంది. మా అన్నయ్య ఇప్పుడు కొంత చేను అలా చేస్తున్నాడు. కాలవ నీరు వంతుల్లో వచ్చేచోట అది అంత తేలిక కాదు, ఆరబెట్టాక మళ్ళీ నీరు సమయానికి వస్తుందన్న భరోసా ఉండాలి. అంత తాపత్రయపడి పండించినదాన్ని మేము ఎడాపెడా వండి పారబోస్తే వాడి మొహం ఎలా చూడను?

నీళ్ళ బాటిళ్ళు ఇంకా మాకు కొరుకుడుపడలేదు. ఆకు పక్కన పెట్టే చిన్న బాటిల్‌లో సగం తాగి వదిలేస్తారు. మూత తీసిన బాటిల్ ఇంకొకరికి ఇవ్వలేం. ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు 2022 జులై 1 నుంచి నిషేధం గానీ బాటిళ్ళు అందులో లేవు. స్టీలు గ్లాసులు, జగ్గులు పెడతామంటే కడగడానికి మనుషులు కావాలి, పెళ్ళివారికి "బాటిల్ అయితే శుభ్రంగా ఉంటుంది" అన్న నమ్మకం ఉంది. శుద్ధి చేసిన నీళ్ళ క్యాన్లు వాళ్ళ ఎదురుగానే విప్పి, గ్లాసులు వేణ్ణీళ్ళలో కడిగి చూపిస్తే కొందరు ఒప్పుకుంటున్నారు.

ఇక అన్నిటికంటే కష్టమైనది డబ్బు. మా వృత్తిలో ప్లేటు రేటు, దానికి మినిమం గ్యారంటీ. వెయ్యి ప్లేట్లకి ఒప్పుకుంటే 800 మంది వచ్చినా వెయ్యికి కట్టాలి. డబ్బు కట్టేశాక "అన్నీ వండే చూపించండి" అంటారు పెళ్ళివారు, అది న్యాయమే. క్యాటరర్‌కి కూడా పెద్ద అంకె రాయించుకుంటేనే లాభం. ఇలా ఉన్నంతకాలం నేను ఎంత జాగ్రత్తగా వాయిలు వండించినా ముందుకు సాగేది తక్కువే. అందుకని కిందటి మాఘం నుంచి ఒప్పందం మార్చాం. గ్యారంటీ అంకె తక్కువ, లేచిన ఆకులకే డబ్బు, మూట విప్పని సరుకు ధర వెనక్కి. దానికి బదులు ప్లేటు రేటు కొంచెం పెంచాం, ఎందుకంటే చివరి వాయి దాకా మాస్టరు, ఇద్దరు మనుషులు ఎదురుచూస్తూ ఉండాలి, వాళ్ళ కూలీ మేమే ఇవ్వాలి. రేటు చూసి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూపిస్తే నిలబడినవాళ్ళూ ఉన్నారు. ఈ మధ్య ఒకాయన ఆ కాగితం రెండుసార్లు చదువుకుని, "చివర్లో వచ్చేవాళ్ళకి వేడిగా దొరుకుతుందా అమ్మా?" అని అడిగారు. "చివరి బంతికే అన్నిటికంటే వేడిగా దొరుకుతుందండీ" అన్నాను. సంతకం పెట్టి, మెనూలోంచి నూడిల్స్ కొట్టేసి, పనసపొట్టు ఇంకో ఐదు కిలోలు వేయమన్నారు.